నాలుగు బోగీల దూరం

నూరు గజాలంటే ఎంతో రైల్వే వాడికి టేపు పెట్టి చూపించక్కర్లేదు. బ్రాడ్‌గేజ్ పట్టా పొడవు 13 మీటర్లు. ఏడు పట్టాలు వరసగా వేస్తే 91 మీటర్లు, అంటే నూరు గజాలు. మా ఖరగ్‌పూర్ స్టేషన్‌లో నిలబడి చూస్తే లెక్క ఇంకా తేలిక. పాత ఐసీఎఫ్ బోగీ బఫర్ నుంచి బఫర్‌కి 22 మీటర్ల పైచిలుకు. నాలుగు బోగీలు దాటితే నూరు గజాలు వచ్చేసినట్టే. ప్లాట్‌ఫారం పొడవే 1072 మీటర్లు దాటింది కాబట్టి ఇలాంటి లెక్కలకి మా ఊళ్ళో చోటు కొదవలేదు. ఒకప్పుడు ప్రపంచంలో కెల్లా పొడవైన ప్లాట్‌ఫారం ఇదేనని చిన్నప్పుడు మాకు మహా గర్వం. తర్వాత గోరఖ్‌పూర్, ఆ తర్వాత హుబ్బళ్ళి మమ్మల్ని దాటేశాయి.

మా తాత చెప్పిన జింకల వేట కథలన్నీ ఈ నాలుగు బోగీల దూరం చుట్టూనే తిరిగేవి. కొన్నిసార్లు మూడు బోగీలు, గాలి కలిసొస్తే రెండున్నర. ఐదు దాటిందంటే "సాయబు తూటా దండగ చేశాడు" అనేవాడు. అమెరికాలో ఆస్టిన్ దగ్గర ఉంటున్న మా మేనల్లుడు ఒకసారి అక్కడి ప్రాంగ్‌హార్న్ వేట గురించి చెబుతూ, "మావయ్యా, ఇక్కడ రెండు మూడు వందల గజాల నుంచి కొట్టడం మామూలే" అన్నాడు. ప్రాంగ్‌హార్న్ మన జింక జాతిది కాదు. అయినా అదీ చెట్టు లేని మైదానంలో బతికేదే, కళ్ళనీ కాళ్ళనీ నమ్ముకున్నదే. అటువంటి జంతువుని అక్కడ పన్నెండు బోగీల దూరం నుంచి కొడుతుంటే, మన దగ్గర నాలుగు బోగీలకే ఎందుకు ఆగిపోయారు? తుపాకుల్లో తేడా అని చాలామంది అంటారు. అది సగం జవాబే. వేటలో దూరాన్ని తుపాకి ఒక్కటే నిర్ణయించదు. మనిషిని ఎంత దగ్గరికి రానివ్వాలో జింక నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం వెనక ఆ ప్రాంతపు చరిత్రంతా ఉంటుంది.

మా తాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో ట్రాలీమేన్. ఊరు ఇచ్ఛాపురం పక్కన ఒక పల్లె. అప్పటికి అది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ లైను 1893–96 మధ్య పడింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ వరకు ముక్క బీఎన్ఆర్ చేతికొచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు వాళ్ళకి బెంగాల్ దారి తెరుచుకుంది. ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాప్ పెట్టాక ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్లుగా మనవాళ్ళు రైలెక్కి వచ్చేశారు. మథురాకాటి, నింపురా, మాలంచా వీధుల్లో ఈ రోజుకీ తెలుగు వినపడటం ఆ వలస ఫలితమే. తాత మొదట గంజాం సెక్షన్‌లో ఒక పీడబ్ల్యూఐ దొర దగ్గర ట్రాలీ తోసి, ఆ తర్వాత బదిలీ మీద ఇక్కడికొచ్చాడు. మా నాన్నా, నేనూ ఈ వర్క్‌షాప్‌లోనే పనిచేసి రిటైరయ్యాం.

పీడబ్ల్యూఐ అంటే లైను బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరు. రోజూ ట్రాలీ మీద తన సెక్షన్ చూసుకుంటూ పోవాలి. ముందు బెంచీ మీద దొర కూర్చుంటాడు. తల మీద గొడుగు, చేతికందేటట్టు బ్రేకు, పక్కన ఎర్రజెండా. వెనక నలుగురు ట్రాలీమేన్లు. ఇద్దరు చెరో పట్టా మీదా ఉత్తకాళ్ళతో పరుగెత్తుతూ తోస్తారు, వేగం అందుకున్నాక ఎగిరి కూర్చుంటారు. ఎండాకాలం పట్టా మీద పరుగంటే ఏమిటో తాత అరికాళ్ళు చూసిన నాకు తెలుసు.

రంభ, ఛత్రపురం చుట్టుపక్కల లైనుకి రెండువైపులా బీడు, చేలు, మొగలిపొదలు. అక్కడ కృష్ణజింకల మందలు ఉండేవి. నల్లటి ఇర్రి ఒకటి ముందు, లేత గోధుమరంగు లేళ్ళు వెనక. దొర బెంచీ కింద తుపాకి ఉండేది. మంద కనపడగానే ట్రాలీ ఆపకూడదు. అదే మొదటి పాఠం. రోజూ పోయే ట్రాలీని జింకలు పట్టించుకోవు. మేత మేస్తూనే ఉంటాయి. ట్రాలీ ఆగిందంటే మాత్రం తలలన్నీ ఒక్కసారి లేస్తాయి, ఒకటి గాల్లోకి ఎగురుతుంది, వెంటనే మందంతా లంఘించుకుంటుంది. "జింక మనిషిని చూసి బెదరదురా, ఆగిన మనిషిని చూసి బెదురుతుంది" అనేవాడు తాత.

అందుకని మొగలిపొద గానీ కల్వర్టు గానీ వచ్చేదాకా అదే వేగంతో పోయేవారు. ఆ చాటున దొర అవతలి వైపుకి జారేవాడు. ట్రాలీ మాత్రం గరగరమంటూ పోతూనే ఉండేది. మంద కళ్ళు ట్రాలీ వెంటే సాగేవి. ఇటు దొర గట్టు వాలున బోర్లా పడుకుని మోచేతులు కుదుర్చుకునేవాడు. ఇర్రి పక్కకి తిరిగి నిలబడేదాకా ఆగడం రెండో పాఠం. జింక ఎదురుగా నిలబడితే దాని రొమ్ము జానెడు వెడల్పు కూడా ఉండదు. పక్కకి తిరిగితే ముంగాలి వెనక ఆరేడు అంగుళాల చోటు దొరుకుతుంది. ఊపిరితిత్తులూ గుండే అక్కడే. తూటా అక్కడ పడకపోతే ఆ దెబ్బతోనే ఇర్రి మైళ్ళు పరుగెత్తి ఏ చేలోనో కూలిపోతుంది. దాన్ని వెతకాల్సింది ట్రాలీ తోసేవాళ్ళే. అందుకే దొరకన్నా తాతకే దూరం మీద పట్టింపు ఎక్కువ. దూరం నుంచి కొడితే గాయపడిన జింక వెనక రాత్రిదాకా తిరగాలి, మర్నాడు మళ్ళీ ట్రాలీ తోయాలి.

ఈ ఉపాయం దొరగారు కనిపెట్టింది కాదు. ఎడ్లబండి చాటున నడుస్తూ జింకల్ని సమీపించడం దేశమంతా తెలిసిన పద్ధతే. తెల్లవాళ్ళు రాసిన వేట పుస్తకాల్లో కూడా బండినే మొదటి సాధనంగా చెబుతారు. రైతు బండిని జింకలు రోజూ చూస్తాయి కాబట్టి వంద గజాల్లోకి రానిస్తాయి. నేరుగా మందవైపు తోలకుండా, పక్కనుంచి పోతున్నట్టు వంకరగా తోలాలి. రాజులు చీతాలతో వేటాడినప్పుడూ ఇదే పద్ధతి. కళ్ళకి గంతలు కట్టిన చీతాని బండి మీద తీసుకెళ్ళి, మంద నూరు గజాల లోపు వచ్చాక గంతలు తీసి వదిలేవారు. చీతా దమ్ము కొన్ని వందల గజాలే. అంతలో దొరకకపోతే అలిగినట్టు కూలబడిపోయేది. మన విజయనగరం రాజావారికీ చీతాలుండేవి. 1880లో అలాంటి చీతా ఒకటి విశాఖపట్నంలో గవర్నర్ ఏజెంటుగా ఉన్న ఓ.బి. ఇర్విన్ మీద పడి ఆయన చావుకి కారణమైంది. మచ్చికైన చీతా మనిషిని చంపిన ఉదంతాలు వెతికినా దొరకవు. అందుకే ఈ ఒక్కటీ చరిత్రలో నిలిచిపోయింది.

చీతాకీ అదే దూరం, తుపాకికీ అదే దూరం. బండి చాటు అయినా, ట్రాలీ చాటు అయినా మళ్ళీ అదే దూరం. ఆయుధం మారినా దూరం మారలేదంటే లెక్క తుపాకి గొట్టంలో లేదన్నమాట. బండికి అలవాటు పడిన మంద ఎంత దూరం ఓర్చుకుంటుందో అదే వేటదూరం అయ్యింది.

తుపాకి ఏమీ చెయ్యలేదని కాదు. నోటినుంచి మందు కూరే నాటు తుపాకికి నలభై యాభై గజాలు దాటితే గురి నిలవదు. 1856లో లండన్ తుపాకుల తయారీదారు జేమ్స్ పర్డీ ఎక్కువ మందు, తేలిక తూటా పెట్టి వేగం పెంచిన రైఫిల్ తయారుచేసి, దానికి ఎక్స్‌ప్రెస్ రైలు పేరు పెట్టాడు. అప్పటికి లోకంలో వేగానికి గుర్తు రైలే. ఆ తరం ఎక్స్‌ప్రెస్ రైఫిళ్ళతో నూట యాభై గజాల దాకా తూటా పెద్దగా కిందికి దిగకుండా పోయేది. సైన్యం 1871లో తీసుకున్న మార్టిని–హెన్రీ తూటా బరువు 31 గ్రాములు, వేగం సెకనుకి 410 మీటర్లు. నూరు గజాలకి గురి కుదిర్చిన ఆ తుపాకితో రెండు వందల గజాల జింకని కొడితే తూటా దాదాపు రెండడుగులు కిందికి దిగిపోతుంది. నిలబడిన ఇర్రి భుజం ఎత్తే రెండున్నర అడుగులు. అంటే దూరం అంచనా తప్పితే తూటా కాళ్ళ మధ్య మట్టిలోకే పోతుంది.

తర్వాత వచ్చిన త్రీ నాట్ త్రీతో కథ మారింది. దాని 1910 నాటి తూటా వేగం సెకనుకి 744 మీటర్లు. రెండు వందలకి గురి కుదిరిస్తే మూడు వందల దగ్గర తొమ్మిది అంగుళాల చిల్లర మాత్రమే దిగుతుంది. కాగితం మీద చూస్తే వేటదూరం రెట్టింపు కావాలి. అయినా తాత సాయబు నాలుగు బోగీల దగ్గరికి పోవడానికే పాకేవాడు. ఆ రోజుల్లో వేట రైఫిళ్ళ మీద టెలిస్కోపులు అరుదు. ఇనుప గురిగుండు రెండు వందల గజాల దగ్గర ఇర్రి భుజాన్ని దాదాపు కప్పేస్తుంది. పైగా ఎండవేళ గంజాం మైదానంలో ఆవిరి లేచి జింక నీటిలో నీడలా కదులుతుంది. చూపు ఆగిపోయిన చోటే వేట కూడా ఆగేది.

ఇక తుపాకి ఎవరి చేతిలో ఉండేదనేది ఇంకో సంగతి. 1878 ఆయుధ చట్టం కింద భారతీయుడికి లైసెన్సు కావాలి. తెల్లవాళ్ళకి మినహాయింపు. పైగా రైల్వేలోని ఇంగ్లీషు, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులు వాలంటీర్ దళంలో చేరాలి. 1888లో మొదలైన బీఎన్ఆర్ వాలంటీర్ రైఫిల్స్ 1920 తర్వాత ఆక్సిలరీ ఫోర్స్‌లో భాగమయింది. డ్రైవరు, గార్డు, ఫోర్‌మన్ అందరూ కవాతు చెయ్యాలి, గురి చూసి కాల్చడం నేర్చుకోవాలి. గురి నేర్పే మైదానాన్ని ఇక్కడ చాంద్‌మారి అంటారు. ఖరగ్‌పూర్‌లో చాంద్‌మారి అంటే ఇప్పుడు అందరికీ ఆసుపత్రే గుర్తొస్తుంది. ఆ పేరు మాత్రం పాత కాలానిదే. జింకల మీద ఆదివారం పరీక్షించే గురి వారం పొడుగునా కవాతులో నేర్చుకున్నదే.

ఆ తుపాకులు జింకల కోసం మాత్రమే ఇచ్చినవి కావని 1927లో మావాళ్ళకి తెలిసొచ్చింది. ఆ ఫిబ్రవరిలో బీఎన్ఆర్ కార్మికులు సమ్మె చేసినప్పుడు ఖరగ్‌పూర్‌లో ఆక్సిలరీ ఫోర్స్‌ని దించారు. పక్క బెంచీలో పనిచేసే ఫోర్‌మనే తుపాకి పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. కార్మికులకి నాయకత్వం వహించిన వి.వి. గిరి గంజాం బరంపురంలో పుట్టినవారు, తర్వాత 1969లో రాష్ట్రపతి అయ్యారు. వేట చరిత్ర రాసేటప్పుడు ఈ సమ్మె ఎందుకు అనుకోవచ్చు. తుపాకి పట్టుకోవడానికి ఎవరికి హక్కుందో, ట్రాలీ తోయడం ఎవరి పనో చెప్పకుండా నాలుగు బోగీల దూరం గురించి చెబితే అది సగం కథే అవుతుంది.

తుపాకి లేనివాళ్ళు వేరే దూరాల్లో వేటాడేవాళ్ళు. తెలుగు నేల మీద వలలు, ఉచ్చులు ఉండేవి. మచ్చిక చేసిన ఇర్రి కొమ్ములకి ఉచ్చు తాళ్ళు కట్టి మందలోకి వదిలేవారు. పోట్లాటకి వచ్చిన అడవి ఇర్రి కొమ్ములు ఆ తాళ్ళలో చిక్కుకునేవి. అక్కడ దూరమన్నదే లేదు, ఓపికే ఉంది. మా ఖరగ్‌పూర్‌కి పడమర, జంగల్ మహల్ సాలవనాల్లో సంతాలులు వేసవి మొదట్లో విల్లమ్ములతో, బల్లేలతో వందలాదిగా కదిలే శికార్ పండుగ ఉంది. వాళ్ళది పాకి దగ్గరికి పోయే వేట కాదు. అరుపులతో జంతువుని తమ వైపుకి తోలే వేట. బాణం ఇరవై ముప్పై అడుగుల్లో పనిచేస్తే చాలు. అది ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు. 2018 ఏప్రిల్‌లో లాల్‌గఢ్ అడవిలోకి వచ్చిన పులి ఆ పండుగ రోజుల్లోనే చనిపోయాక కోర్టులు, అటవీశాఖ గట్టిగా అడ్డుపడటం మొదలుపెట్టాయి.

జింకలకి అసలు గండం స్వాతంత్ర్యం తర్వాత వచ్చింది. యుద్ధం అయిపోయాక సైన్యం అమ్మేసిన జీపులు ఊరూరా చేరాయి. పంట కాపలా పేరుతో తుపాకి లైసెన్సులు ఉదారంగా ఇచ్చారు. రాత్రి జీపు లైటు కళ్ళలో పడితే జింక కదలదు. పగలు నూరు గజాలు ఓర్చుకునేదే రాత్రి ఇరవై గజాల్లో రాయిలా నిలబడిపోతుంది. ఇక పాకడం, గాలి చూడటం, పక్కకి తిరిగేదాకా ఆగడం ఏమీ అక్కర్లేదు. దేశంలో కృష్ణజింకలు 1947లో ఎనభై వేలుండగా 1964కి ఎనిమిది వేలకి పడిపోయాయని ఒక అంచనా. వాటిని తరిమే చీతాల సంగతీ అంతే. 1947లో కొరియా సంస్థానం రాజా రామానుజ ప్రతాప్ సింగ్ దేవ్ రాత్రివేళ లైటు వెలుగులో కాల్చిన మూడింటి తర్వాత మన దేశంలో చీతాకి నమ్మదగ్గ ఆధారం లేకపోయింది. 1952లో అది అంతరించిందని ప్రకటించారు. ఆ కొరియా సంస్థానపు చిరిమిరి బొగ్గుగనుల దాకా పోయిన బ్రాంచి లైను కూడా మా బీఎన్ఆర్‌దే.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణజింక మొదటి షెడ్యూలులోకి ఎక్కింది. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా. కానీ చట్టం కాగితం మీదికి రావడానికి చాలాముందే గంజాంలో బలిపదర్–భేట్నయ్ ఊళ్ళవాళ్ళు జింకల్ని ముట్టుకోకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. జింకలు మేసిన చేలో పంట బాగా పండుతుందని, వానలు వస్తాయని వాళ్ళ నమ్మకం. పచ్చటి చేలో అవి తింటున్నా కర్రెత్తరు. 2021 లెక్కల్లో అటవీశాఖకి గంజాం జిల్లా మొత్తం మీద 7,358 జింకలు కనిపించాయి. ఆ మధ్య బరంపురం చుట్టాలింటికి వెళ్ళినప్పుడు ఆ ఊళ్ళవైపు పోయాను. రోడ్డు పక్కనే, ఒక్క బోగీ పొడవు కూడా లేని దూరంలో లేళ్ళు మేస్తున్నాయి. మోటారుసైకిలు ఆపితే తలెత్తి చూశాయి తప్ప పరుగెత్తలేదు. తాత మొదటి పాఠం అక్కడ పనిచెయ్యలేదు. ఆగిన మనిషి అంటే ప్రమాదమని ఆ మందకి నేర్పినవాడు అక్కడ ఎవడూ లేడు.

ప్రాంగ్‌హార్న్ కథ ఇదే బాటలో వేరే మలుపు తీసుకుంది. 1804 సెప్టెంబరులో లూయిస్, క్లార్క్ అన్వేషక బృందం దాన్ని మొదట కొట్టి తెచ్చినప్పుడు ఆ మైదానాల్లో అవి కోట్లలో ఉండేవి. వాటికి కొత్త వస్తువంటే ఆసక్తి. వేటగాడు గడ్డిలో పడుకుని గుడ్డముక్క ఊపితే చూడ్డానికి వాటంతట అవే దగ్గరికొచ్చేవి. అప్పుడు వేటదూరం చాలా తక్కువ. రైళ్ళు, తుపాకులు, మాంసం వ్యాపారం కలిసి ఇరవయ్యో శతాబ్దం మొదటికి వాటిని కొన్ని వేలకి తగ్గించాయి. మిగిలినవి గుడ్డముక్కని నమ్మడం మానేశాయి. తర్వాత సీజన్లు, లైసెన్సులు పెట్టి కాపాడితే మళ్ళీ లక్షల్లోకి వచ్చాయి. ఇప్పుడు వేటగాళ్ళు సాధారణంగా రెండు వందల గజాలకి గురి కుదుర్చుకుని, మూడు వందల లోపు కొట్టడానికి సిద్ధపడతారు. టెలిస్కోపు, లేజరు దూరమాపకం వచ్చాక అంతకన్నా దూరం కొట్టేవాళ్ళూ ఉన్నారు. గంటకి 80 కిలోమీటర్లు దాటి పరుగెత్తే ఆ జంతువు కాళ్ళు ఒకప్పటి అమెరికన్ చీతాల నుంచి తప్పించుకోవడానికి తయారైనవని జీవశాస్త్రవేత్తలు చెబుతారు. మన కృష్ణజింక కాళ్ళకి గురువు మన చీతా. తరిమే జంతువు పోయినా ఆ పరుగు పోలేదు.

ఇంకో చిత్రం ఏమిటంటే, మన కృష్ణజింకని కూడా 1932లో టెక్సస్‌లోని ఎడ్వర్డ్స్ పీఠభూమికి తీసుకెళ్ళి వదిలారు. ప్రైవేటు పశుక్షేత్రాల్లో అవి వేలల్లో పెరిగాయి. పరాయి జంతువు కాబట్టి రాష్ట్రం వేటకి సీజను పెట్టలేదు. యజమానికి డబ్బు కట్టి వేటాడతారు. మా మేనల్లుడు ఒక తోటి తెలుగు కుటుంబంతో అటువంటి చోటుకి వెళ్ళి, ఫోను పెట్టి "మావయ్యా, మన ఇర్రి" అని చూపించాడు. దూరంగా, కంచె అవతల ఉంది. మనిషి కనపడగానే మంద జారుకుంది. గంజాం జింకా టెక్సస్ జింకా ఒకే రక్తం. అయినా అక్కడ మనిషిని దూరం పెట్టాలని నేర్చుకుంది, ఇక్కడ మరిచిపోయింది.

సామ్రాజ్యాల కాలంలో లండన్ వాళ్ళు అచ్చేసిన రికార్డు పుస్తకాల్లో కృష్ణజింక కొమ్ముల పొడవు అంగుళాల్లో, పావు అంగుళం కూడా వదలకుండా రాసుకున్నారు. కాల్చిన దొర పేరు, ఊరు ఉంటాయి. ఎంత దూరం నుంచి కొట్టాడో ఎక్కడోగానీ ఉండదు. అది కొమ్ములాగా గోడకి తగిలించుకునేది కాదు కదా. ట్రాలీ తోసిన నలుగురి పేర్లూ అందులో ఉండవు. దూరం లెక్క వాళ్ళకే బాగా తెలుసు, ఎందుకంటే గాయపడిన జింక వెనక నడిచింది వాళ్ళే. వాళ్ళు రాసుకోలేదు కాబట్టి నేను రాశాను.